రంగు గడి

"కాపీ! పచ్చి కాపీ!"

పరీక్షాధికారి అగ్బెకో బల్ల మీద ఒక్కటి చరిచాడు. ఆయన ముందు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి పద్ధతిగా పెట్టుకున్న రెండు కలాలూ దొర్లి కింద పడ్డాయి. రెండూ ఒకే రకం, మూతల రంగే తేడా. పాసయితే ఆకుపచ్చ సిరాతో, తప్పితే ఎర్ర సిరాతో సంతకం పెడతాడాయన. సైన్సు చెప్పే జిఫా మేడం వంగి రెండింటినీ ఏరి బల్ల మీద పెట్టింది.

"చూడండి మేడం! ఏది ఆమ్లమో, ఏది క్షారమో, ఏది ఉత్త ఉప్పునీళ్లో పొల్లుపోకుండా రాశాడు. రంగు రాయాల్సిన గడి మాత్రం ఖాళీ! రంగు చూడకుండా జవాబు ఆకాశంలోంచి ఊడిపడిందా?"

జిఫా వంగి ఆ ఖాళీ గడి చూసింది. బడిలో లిట్మస్ కాగితాలన్నీ చెదలు తినేస్తే, గోంగూర కాయల ఎర్ర రేకులు కాచి చేసే ‘సొబొలో’ అనే పానీయాన్ని క్యాంటీను నుంచి తెప్పించి పిల్లలకిచ్చింది తనే. చుక్క వేస్తే ఆమ్లం ఎర్రబడుతుంది, క్షారం ఆకుపచ్చబడుతుంది. పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. అగ్బెకో ప్రతి బల్ల దగ్గరా ఆగి "రంగు పైకి చెప్పండి, గట్టిగా!" అని అందరిచేతా అరిపించాడు కూడా. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ ఎలికెమ్ ఒక్కడే ఆయన వచ్చేలోపే కాగితం ఇచ్చేశాడు. ఇప్పుడు ఎర్ర సిరా పడిందంటే సైన్సు చదువుకు వాడు నీళ్లొదులుకోవాల్సిందే.

"ఎవరిది చూసి రాశావురా?"

"ఎవరిదీ చూళ్లేదు సార్."

"అయితే నా కళ్లముందు మళ్లీ చెయ్యి." అగ్బెకో మూడు సీసాలనూ అటూ ఇటూ మార్చేశాడు.

ఎలికెమ్ జేబులోంచి నత్తగుల్ల ముక్కలు తీశాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏరా, పులుసు పెడతావా?"

వాడు పట్టించుకోలేదు. మొదటి సీసాలోది ఒక చుక్క గుల్ల మీద వేసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చప్పుడు లేదు. ఇంకో చుక్క వేళ్ల మధ్య రుద్దాడు.

"జారుతోంది సార్. మా అమ్మ కోకో తొక్కల బూడిదనీళ్లతో సబ్బు కాస్తుంది. ఆ నీళ్లూ ఇట్లాగే జారతాయి. ఇది క్షారం."

చెయ్యి కడుక్కుని రెండోది ఇంకో ముక్క మీద వేశాడు. వాడి మొహం వెలిగింది. "బుసబుసమంటోంది, వినండి సార్! ఆమ్లం."

అగ్బెకో నిజంగానే వంగి విన్నాడు.

మూడోదానికి బుసా లేదు, జారుడూ లేదు. "ఉప్పునీళ్లు."

మూడుకు మూడూ ఒప్పే. ఓరి నా బంగారుకొండా, నేను నేర్పనిది ఎక్కడ నేర్చావురా అనుకుంది జిఫా. ఆమెకు కళ్లు చెమర్చాయి.

"ఇంత తెలివి పెట్టుకుని, సొబొలో చుక్క వేసి చూడ్డానికి ఏం రోగం నీకు?" అగ్బెకో గొంతులో మునుపటి వేడి లేదు.

ఎలికెమ్ తల దించుకున్నాడు.

"వేశాను సార్. నాకు మూడూ ఒకేలా కనబడ్డాయి. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు నాకు. చెబితే సైన్సుకి పనికిరావని తీసేస్తారేమోనని..."

అగ్బెకో చాలాసేపు వాడి మొహంలోకే చూస్తుండిపోయాడు.

"పనికిరావని అనేదెవడ్రా?" అన్నాడు చివరికి, వాడి భుజం తట్టి.

కాగితం ముందుకు లాక్కుని కలం కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి రెండు కలాల మీదా తచ్చాడి ఆగిపోయింది. ఆయన జిఫా వైపు వంగి, ఆమెకు మాత్రమే వినబడేలా అడిగాడు:

"మేడం, వీటిలో ఆకుపచ్చది ఏది?"