ముల్లు తీసిన ముక్క

తెల్లవారేసరికి ఆకాశం తోమని సత్తుగిన్నెలా ఉంది. వాన పడేదీ లేదు, ఎండ కాసేదీ లేదు. కొత్త సంవత్సరం పండగ జనం మాత్రం అంగ్కోర్ గుడి కట్ట మీద చీమల బారులా సాగుతున్నారు.

ఆ జనంలో సారున్ తన కూతురి కోసం వెతుకుతోంది.

ఆరేళ్ల పిల్ల. పేరు మాలిస్. ఎర్ర పూల చొక్కా. ముందు పన్ను ఊడింది. ఇందాకే ఇద్దరూ గుండె పలికే గదిలోకి పోయారు. గోడకు వీపు ఆనించి రొమ్ము మీద గుద్దుకుంటే గదంతా మోగుతుంది. తల్లిని ఏడిపించినవాళ్లకు మోగదని పెద్దలు అంటారు. సారున్ కళ్లు మూసుకుని గుద్దుకుంది. మోగింది. కళ్లు తెరిచేసరికి పక్కన పిల్ల లేదు.

"ఎక్కడికీ పోదమ్మా. వెతుకుదాం పద," అంది బండి ఆమె. మోటారుసైకిలు వెనక కట్టిన బండి, తోలేది ఆడమనిషి. పొద్దున్నుంచీ వెంటే ఉంది.

"అమ్మా గిమ్మా అనకు. నాకంటే నువ్వే ముదురుగా ఉన్నావు."

"సరే అక్కా," అంది ఆమె. నవ్వబోయి మానుకుంది.

అక్కణ్నుంచి బయాన్ గుడికి పోయారు. గోపురాల మీద చెక్కిన రాతి ముఖాలన్నీ కళ్లు దించుకుని నవ్వుతున్నాయి. ఒక్కటీ పిల్లను చూసినట్టు లేదు. సారున్ మెట్లన్నీ ఎక్కి దిగింది. మోకాళ్లు ఎందుకో ఇవాళ మాట వినడం లేదు. "చూసుకుని దిగు అవ్వా," అని కాపలావాడు ఎవరినో అన్నాడు.

"ఎర్ర పూల చొక్కా వేసుకున్న పిల్ల కనిపించిందా నాయనా?"

అతను సారున్‌ని చూశాడు. వెనక నిలబడ్డ బండి ఆమెను చూశాడు. టోపీ తీసి, "లేదు," అన్నాడు మెల్లగా.

"ఒకసారి ఇలాగే ఒక పిల్ల తప్పిపోయింది అక్కా," అంది బండి ఆమె. "సాయంత్రానికి ఏనుగు బొమ్మల సందులో దొరికింది. అమ్మ వస్తుందని చూసి చూసి అక్కడే నిద్రపోయింది."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"మరి ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకున్నావే, మొద్దుమొహమా. బండి పోనీ అక్కడికి."

రాతి ఏనుగుల సందుల్లో ఎండుటాకులున్నాయి. ఒక గొడుగు కమ్మీ ఉంది. సారున్ ఒక్కో సందులో చెయ్యి పెట్టి తడిమింది. తడిమి తడిమి అక్కడే కూలబడింది.

బండి ఆమె బుట్టలోంచి నూలు దారం తీసి ఆమె ముంజేతికి కట్టబోయింది.

"తప్పిపోయింది నా పిల్ల. దారం నాకెందుకు?"

"నీకే కట్టమన్నాడక్కా, గుడిలో మంత్రాలు చదివే ఆచారి. తప్పిపోయిన ప్రాణం దారం పట్టుకుని ఇల్లు చేరుతుందట."

ఆ చేతికి అప్పటికే మాసిన దారాలు నాలుగైదున్నాయి. ఎవరు కట్టారో సారున్‌కి గుర్తులేదు.

తా ప్రోమ్ గుడిలో చెట్ల వేళ్లు గోడలను పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. ఆ వేళ్ల మధ్య తల దూర్చి పిలిచింది. చిలకలు లేచిపోయాయి. గొంతు పోయింది. పిల్ల పలకలేదు.

మళ్లీ గుండె పలికే గదికే వచ్చారు. సారున్ పిడికిలిలో సత్తువ లేదు. కొట్టుకుంటే చప్పుడే రాలేదు.

"నువ్వు కొట్టవే. ఎక్కడున్నా వింటుంది."

బండి ఆమె వెనకాడింది. గోడకు ఆనుకుంది. ఒక్కసారి గుద్దుకుంది. గది గుమ్మని మోగింది.

సారున్ ఆమె ముఖంలోకి చూసింది. "మీ అమ్మ అదృష్టవంతురాలు. ఉందా?"

"ఉంది."

"మరి ఇంటికి పోక నా వెంట ఎందుకే ఈ తిరుగుడు? ఆమె నీ కోసం చూస్తుండదూ?"

"చూస్తూనే ఉందక్కా," అంది ఆమె, గోడ వైపు తిరిగి.

పొద్దు వాలింది. కాపలావాళ్లు జనాన్ని బయటికి పంపుతున్నారు. సారున్ గడప పట్టుకుని వదలలేదు. "నా బిడ్డ లోపలే ఉంది. చీకటంటే దానికి భయం."

"ఆకలైతే పిల్లలు అన్నం వాసన పట్టుకుని వస్తారు. బయట కూర్చుని మూత తీద్దాం. రా."

ఆ మాట పని చేసింది.

గుడి చుట్టూ ఉన్న కందకం గట్టున చాప పరిచారు. అన్నం, కాల్చిన చేప, మామిడికాయ ముక్కలు. సారున్ పొట్ట దగ్గరి మెత్తటి ముక్క తీసుకుని, వేళ్లతో ఒక్కో ముల్లూ ఏరింది. గిన్నె మూతలో పెట్టింది.

"ఇది నా పిల్లకి."

బండి ఆమె తల ఊపింది.

సారున్ గుడి దారి వైపే చూస్తూ తింటోంది. కందకంలో నీళ్లు నల్లబడ్డాయి.

మూతలో మిగిలిన ఆ ముక్కను, ఎప్పటిలాగే, యాభై నాలుగేళ్ల మాలిస్ తీసి నోట్లో పెట్టుకుంది.