గొంతు పోయిన తుపాకీ

"మళ్ళీ గొంతు పోయింది," అంది బ్రిడీ, కెమెరా తీగను తుపాకీ గొట్టంలోంచి బయటికి లాగుతూ.

బల్లకు అవతల నిలబడ్డ రోవన్ తలవంచుకున్నాడు. "గురి తప్పుతోంటే అనుకున్నాను."

"అనుకోవాల్సింది ఇప్పుడు కాదు, పేల్చేటప్పుడు. అంత సన్నని గొట్టంలో అంత మందు మండితే, తూటా మొదట దూరే గొంతు దగ్గరే కదా సెగంతా తగిలేది? నాలుగైదు సార్లు పేల్చి పక్కన పెట్టు, చల్లారనివ్వు, ఈలోగా టీ తాగు అని ఎన్నిసార్లు చెప్పాను?"

"కుందేళ్ళు ఆగొద్దూ? నేను టీ తాగేలోపు బొరియల్లో దూరిపోతాయి."

"దూరనీ. లోపల మొసలి తోలులా పగిలిపోయింది. నీ చేతిలో పడితే ఉక్కుకి కూడా ఆయుష్షు లేదు. రెండు వారాలాగి రా. మధ్యలో ఒకసారి ఫోన్ చెయ్యి, పని ఎంతవరకు వచ్చిందో చెబుతాను."

రోవన్ బుద్ధిగా తలూపి వెళ్ళిపోయాడు.

ఆ దుకాణం బ్రిడీ తండ్రి ఎర్రోల్‌ది. ఆస్ట్రేలియాలో మరంబిజీ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో తుపాకులు బాగుచేసేది వాళ్ళే. చెక్కపనీ, వచ్చినవాళ్ళతో కబుర్లూ ఎర్రోల్‌వి. గొట్టాల పని కూతురిది. ఆ కెమెరా జోలికి అతను ఎప్పుడూ పోలేదు. తెర మీద బొమ్మ చూసి వైద్యం చెయ్యడం తనవల్ల కాదంటాడు.

రోవన్‌ది ఊరికి దూరంగా గొర్రెల మంద. గొర్రెలకు దక్కాల్సిన గడ్డిని కుందేళ్ళు మేసేస్తున్నాయని ఫిబ్రవరిలో మొదటిసారి తుపాకీ పట్టుకొచ్చాడు. బ్రిడీ గొట్టం వెనకవైపు కాలిన ముక్క కోసేసి, కొత్తగా గొంతు చెక్కి ఇచ్చింది. ఏప్రిల్‌లో మళ్ళీ తెచ్చాడు. మేలో తెచ్చాడు. ఇప్పుడు జూన్.

"ఇన్ని కుందేళ్ళు కొడుతున్నాడు, మనకొక్కటైనా తెచ్చివ్వడేం?" అన్నాడు ఎర్రోల్ ఆ సాయంత్రం.

"కుక్కలకి వేస్తాడట."

"అదృష్టవంతులు, ఆ కుక్కలు."

ఎర్రోల్ నవ్వాడు గానీ, లోపల మంటగానే ఉంది. పబ్బులో అప్పటికే వేళాకోళం మొదలైంది. ఎర్రోల్ దుకాణంలో చేసిన మరమ్మతు బీరు నురగంత సేపు కూడా నిలవదట. ఆ మాట అన్నవాడు అతని పాత స్నేహితుడే. అందుకే ఇంకా గుచ్చుకుంది.

కూతురి పనితనం మీద అతనికి అనుమానం లేదు. ఆ గొట్టం ఉక్కులోనే ఏదో లోపం ఉందనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా మెల్‌బోర్న్ నుంచి ఒక కొత్త గొట్టం తెప్పించాడు. బరువైనది, లోపల గట్టి క్రోమ్ పూత ఉన్నది. రోవన్ తుపాకీకి స్వయంగా బిగించాడు. రోవన్ తీసుకోవడానికి వచ్చినప్పుడు గర్వంగా బల్ల మీద పెట్టాడు.

"ఇది దుకాణం తరఫున. ఇక నువ్వెంత ఆబగా పేల్చుకున్నా సరే, అయిదేళ్ళు మా మొహం చూడక్కర్లేదు."

రోవన్ మొహం వాడిపోయింది. "పాతదే అలవాటైపోయిందండీ..."

"ఇంత బరువు మోస్తూ పొలమంతా ఎలా తిరుగుతాడు, నాన్నా?" అంది బ్రిడీ. "పాతదే ఇంకోసారి చూస్తాను."

"చూసింది చాలు. నాకు ఊళ్ళో పరువు అక్కర్లేదా?"

ఆ తర్వాత రోవన్ రాలేదు. ఫోన్ కూడా లేదు. పబ్బులో వేళాకోళం ఆగిపోయింది. ఎర్రోల్ హాయిగా ఈల వేసుకుంటూ చెక్కలకు నునుపు పెట్టుకునేవాడు. బ్రిడీ మాత్రం అయినదానికీ కానిదానికీ విసుక్కుంది. ఒకరి తుపాకీ ఇంకొకరికి ఇచ్చి పంపింది. టీలో పంచదార బదులు ఉప్పు వేసింది.

ఒక శనివారం పొద్దున రోవన్ వచ్చాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. చేతుల్లో ఏమీ లేదు.

"తుపాకీ ఏది?" అంది బ్రిడీ.

"ఇంట్లో ఉంది."

"గురి తప్పుతోందా?"

"లేదు. బాగానే ఉంది."

"మరి?"

రోవన్ టోపీ తీసి ఇటూ అటూ తిప్పాడు. ఎర్రోల్ ఉలితో సహా ఆగిపోయాడు.

"ఇక తేవడానికి ఏమీ లేదు," అన్నాడు రోవన్. "అందుకని ఊరికే వచ్చాను. నిన్ను చూడ్డానికి. నది దగ్గరికి వెళ్దామా?"

బ్రిడీ అతన్ని ఎగాదిగా చూసింది. చేతులకున్న నూనె గుడ్డతో తుడుచుకుంది. వేలు వేలుగా, తీరిగ్గా.

"ఈ మాట అనడానికి ఇన్నాళ్ళు పట్టిందా?" అంది, కోటు అందుకుంటూ.

వాళ్ళ ట్రక్కు మలుపు తిరిగేదాకా ఎర్రోల్ గుమ్మంలో నిలబడ్డాడు. కుర్రాడు మంచివాడే. కాస్త చేతిదురుసు, అంతే. పెళ్ళయ్యాక బ్రిడీ దారిలో పెట్టుకుంటుంది.

లోపలికొచ్చాక మూలనున్న పాత గొట్టం కంటపడింది. తన కూతురు అంత కష్టపడి చేసిన పనిని మాటిమాటికీ తినేసిన ఆ పాడు ఉక్కు సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. కెమెరా మీట వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది. తీగ లోపలికి తోసి, కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు.

ఫిబ్రవరిలో బ్రిడీ చెక్కిన గొంతు చెక్కినట్టే పదునుగా తళతళలాడుతోంది. ఆ తర్వాత రోవన్ పేల్చిందీ లేదు, బ్రిడీ బాగుచేసిందీ లేదు.