నూటనలభై లోపుంటేనే

“మిషన్ ఇటియ్యుండ్రి,” అంటూ కాంతమణి చెయ్యి చాపింది.

భర్త ప్రభుదాస్ ఇవ్వలేదు. వెనక గది గుమ్మంలో నిలబడి, అరచేతిలోని షుగరు మిషన్‌ను చూస్తూ ఉండిపోయాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని చర్చికి తయారైన మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆరోజు చర్చిలో కోతపండుగ. ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది. మటన్ బిర్యానీ, ఆపైన డబల్ కా మీఠా. ఇలాంటి రోజులకని కాంతమణి ఇంట్లో ఒక చట్టం పెట్టింది. నెలంతా జొన్నరొట్టె, ఆకుకూర, పలచటి మజ్జిగ. విందు రోజు మాత్రం పరగడుపున షుగరు నూటనలభై లోపుంటే ఒక గరిటె బిర్యానీ, ఒక చెంచా మీఠా. దాటిందా, డబ్బాలో పట్టుకెళ్లిన రొట్టె సంఘమంతా చూస్తుండగా తినాలి. ఆయన అన్న సైలస్‌కు ఇదే జబ్బుతో ముందు కాలు పోయింది, తర్వాత ప్రాణం పోయింది. అప్పటినుంచి ఈ ఒక్క విషయంలో కాంతమణి దగ్గర దయాదాక్షిణ్యాలు లేవు.

ఎప్పుడూ ఎదురుగా కూర్చుని మరీ వేలు పొడిపించేది. ఇవాళ సరిగ్గా అప్పుడే పాలు పొంగడంతో వంటింట్లోకి పరుగెత్తింది. ఆయన మిషన్ పట్టుకుని, మనవరాలు హదస్సా ఇంకా పడుకునే ఉన్న వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. అయినా ఆమె కంగారు పడలేదు. ఆయన అబద్ధమాడినా మిషన్ ఆడదు కదా.

ఇక ఓపిక పట్టలేక మిషన్ లాక్కుని చూసింది.

నాలుగు వందల పన్నెండు.

“ప్రభువా! ఏందండీ ఇది? నిన్న ఏం తిన్నరు?”

“ఏం లేదు కాంతం...”

“ముప్పయ్యేండ్లు రైల్ల టికెట్ లేనోళ్లను పట్టిన్రు. ఇప్పుడు మీ మొహం అట్లనే ఉన్నది. చెప్పుండ్రి.”

“జిలేబీ,” అన్నాడు తేలు కుట్టిన దొంగలా. “బోయిగూడల. పావు కిలో.”

కాంతమణికి కోపం రావాలి. భయం వచ్చింది.

“ఇంకోపారి చూద్దాం. మిషన్ ఖరాబైందేమో,” అన్నాడాయన.

“దేంతోటి చూస్తరు? అదే ఆఖరి స్ట్రిప్పు.”

“అయితే ఆస్పత్రికి పోదాం. ఇప్పుడే.”

ఆస్పత్రి మాటెత్తితే చాలు, గేటు దగ్గరే కాళ్లకు మేకులు కొట్టుకుని నిలబడే మనిషి! ఆయనే పోదామంటున్నాడంటే లోపల ఎంత తక్లీఫ్‌గా ఉందో. ఆమె కొడుకు రోనాల్డ్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. రోనాల్డ్, కోడలు మేబెల్ ఇద్దరూ క్వయర్‌లో పాడతారు. పొద్దున్నే వెళ్లిపోయారు.

ఈలోగా హదస్సా లేచి, కొత్త ఫ్రాకు వేసుకుని వచ్చి సోఫాలో జారగిలబడింది. ఈస్టర్‌కు కొన్న ఫ్రాకు అప్పుడే వదులైంది. పదేళ్ల పిల్ల పొడుగు సాగుతోంది మరి. “నానమ్మా, నీళ్లు,” అంది.

“తాగుదువు ఆగమ్మా. ఏమండీ, దీన్ని పక్కింట్ల కల్పలత దగ్గర ఉంచి పోదాం.”

“వద్దు. మనతోనే వస్తది.”

“ఆస్పత్రికి పిల్లెందుకు? జెర ఆలోచించుండ్రి.”

“వస్తదన్న కదా!” అని అరిచాడు ప్రభుదాస్. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆమె మీద గొంతెత్తింది అదే మొదలు. వెంటనే వంటింట్లోకి వెళ్లి సీసా నిండా నీళ్లు తెచ్చి పిల్ల చేతికిచ్చాడు.

ఆటో మారేడ్‌పల్లి సందులు దాటుతుంటే ఆయన పిల్లను ఒళ్లో పొదువుకుని కూర్చున్నాడు. కాంతమణి ఆయన మణికట్టు వదల్లేదు.

“కండ్లు తిరుగుతున్నయా?”

“నాకేం కాలే.”

“మీ అన్న సుత ఇదే మాటన్నడు.”

ఆయన ముందుకు వంగి డ్రైవర్‌ను తొందరపెట్టాడు. కాసేపటికి చూస్తే ఆయన కళ్ల నిండా నీళ్లు.

“కాంతం, నేను పాపం చేసిన.”

ఆమె గుండె చివుక్కుమంది. అంత బిగించి పట్టుకుంది కాబట్టే కదా ఆయన దొంగచాటుగా తిన్నాడు! వారానికో జిలేబీ తన చేత్తో పెట్టి ఉంటే ఈ పావు కిలో అవసరం వచ్చేదా?

“జిలేబీ తింటే పాపమెట్లయితది? మీరు పరేషాన్ కాకుండ్రి. మంచిగై ఇంటికి రాండ్రి, నేనే చేసి పెడ్త,” అంది. అంటూనే ఏడ్చేసింది.

ఆ మాటకు ఆయన ఇంకా కుంగిపోయాడు. ఏదో చెప్పబోయి, ఒళ్లో జోగుతున్న పిల్లను చూసి ఆగిపోయాడు.

ఆస్పత్రి ఎమర్జెన్సీ గుమ్మంలో నర్సు ఎదురైంది. కాంతమణి ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

“సిస్టర్, షుగరు నాలుగు వందల పన్నెండు. పరగడుపున చూసింది. అరవై ఆరేండ్లు. ఈయన అన్న దీంతోనే పోయిండు. జల్ది చూడమ్మా, నీకు దండం పెడ్త.”

నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. “కూర్చోండి సార్.”

ప్రభుదాస్ కూర్చోలేదు. చేతుల్లోని హదస్సాను మెల్లగా ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

“అయ్యో, మతి పోయిందా? దాన్నెందుకు కూసోబెడ్తున్నరు? మీరు కూసోండ్రి!” అంటూ కాంతమణి ఆయన భుజం పట్టి లాగింది.

ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు. నర్సుకు చేతులు జోడించాడు.

“సిస్టర్, మిషన్‌ల పెట్టిన రక్తం నాది కాదు, ఈ పిల్లది.”