నిండు బస్సు

“ఇరవై రెండే!” కండక్టర్ యోసేపు తలలు లెక్కపెట్టి నీరసపడిపోయాడు. “ఇయ్యాల డిపో పెద్దసారు సొంతంగ చూస్తడట. జనం లేకుంటే రేపటి సంది ఈ బస్సు బంద్.”

పావని సీట్లోంచి దిగ్గున లేచింది. నాగర్‌కర్నూల్ బట్టల దుకాణంలో కొలువు దొరికి ఇంకా నెల తిరగలేదు. ఊరికున్నది ఈ ఒక్క బస్సే. అది పోతే కొలువూ పోయినట్టే. ఆమె ఒక్కతేనా? పట్నంలో కూరగాయలమ్మేవాళ్లు, హోటళ్లలో వండేవాళ్లు, మేస్త్రీల వెంట ఇటుకలు మోసేవాళ్లు, అందరూ పొద్దున ఇందులో పోవాల్సినవాళ్లే.

“అన్నా, పది నిమిషాలు ఆపు. నీ కాళ్లు మొక్కుత!”

“ఐదు.”

పావని కొంగు దోపి ఊళ్లోకి పరుగెత్తింది. రాములమ్మ వాకిట్లో పళ్లు తోముకుంటోంది.

“అత్తా, బస్సెక్కు!”

“ఏడికే?”

“ఏడికన్న గానీ, ఎక్కు! ఆడోళ్లకు టికెట్ ఊకెనే గద!”

“ముఖమన్న కడుగనియ్యవా పిల్లా?”

“బస్సుల కడుగుదువు!”

రాములమ్మ చెంబుతోనే కదిలింది.

మూలమలుపులో పావని మొగుడు ప్రశాంత్ అప్పటికే ఆటోలో ఆరుగురిని కూర్చోబెట్టుకున్నాడు.

“దించు! అందర్నీ బస్సుల ఎక్కియ్యి. నువ్వు గూడ ఎక్కు.”

“నా ఆటోనే ఖాళీ చేయిస్తవా? ఏ పెండ్లామన్న గిట్ల చేస్తదా?” అంటూనే నవ్వి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ నవ్వుకు పావని ఒక్క క్షణం బస్సు సంగతే మరిచిపోయింది.

బస్సు కిక్కిరిసింది. ఫుట్‌బోర్డు మీద ప్రశాంత్, అతని భుజం పట్టుకుని మరో ఇద్దరు. యోసేపుకు చెయ్యి ఆడించే జాగా కూడా లేదు. “డెబ్బై ఎనిమిది!” అని జనం మధ్యలోంచి అరిచాడు.

తెలకపల్లి వచ్చింది. స్టేజీలో పదిమంది చేతులెత్తారు. డ్రైవర్ నాగన్న బ్రేకు మీద కాలు వేశాడు. లోపల నలుగురైదుగురు సంచులు సర్దుకున్నారు.

“ఆపకు డ్రైవరన్నా! ఆపితే సగం మంది దిగుతరు!” పావని గొంతు చించుకుంది.

“మేం దిగేది ఈడనే బిడ్డా,” అన్నాడో ముసలాయన.

“దండం వెడ్త తాతా, జర బస్టాండు దాక రా. సారు చూసినంక మా ఆయన ఆటోల నిన్ను ఇంటికాడ దించుతడు.”

“ఆటో ఊర్లనే ఉండె గదనే!” అన్నాడు బయట వేలాడుతున్న ప్రశాంత్.

నాగన్న అద్దంలో పావని ముఖం చూశాడు. కళ్లనిండా నీళ్లు. హారన్ కొట్టి బస్సును ముందుకు దూకించాడు. వెనక ఎవరో కేకలేస్తూ దుమ్ములో కొంతదూరం పరుగెత్తి ఆగిపోయారు.

నాగర్‌కర్నూల్ బస్టాండులో సారు జాడ లేదు. ఎవరూ దిగకుండా పావని తలుపుకు అడ్డంగా నిలబడింది. ఉక్కకు పసిపిల్లలు గుక్కపెట్టారు. “మమ్మల్ని సంపుతవా ఏందే?” రాములమ్మ చెంబెత్తింది. దుకాణం తెరిచే వేళ దాటిపోతోంది.

ఇక ఆగలేక యోసేపు డిపో గుమాస్తాకు ఫోన్ కలిపాడు. “సారు ఎప్పుడొస్తడే? బస్సు నిండ జనమున్నరు!”

“బస్టాండుకు ఎందుకొస్తడు? పొద్దుగాల సంది తెలకపల్లి స్టేజీలనే నిలవడ్డడు. మీ బస్సుల ఒక్కరు ఎక్కలే, ఒక్కరు దిగలే అని రాసుకొని ఇప్పుడే బయలెల్లిండు.”