బాగానే ఉందన్న రిపోర్టు

కాకినాడలో ప్రతి ఇంటి మరుగుదొడ్డీ పొద్దున్నే మలాన్ని పరీక్ష చేసి, ఫలితాన్ని నేరుగా ఆసుపత్రికి పంపే రోజులవి. అందులో జబ్బని వస్తేనే డాక్టరు చూస్తారు. సిటీ బస్సు నడిపే లోవకుమారికి ఎనిమిది నెలలుగా కడుపునొప్పి, విరేచనాలు. పన్నెండు కిలోలు తగ్గిపోయింది. మరుగుదొడ్డి మాత్రం రోజూ ఒకటే చెప్పేది: "పేగులు బాగున్నాయి. ఆందోళన తగ్గించుకోండి."

డిపోలో సెలవడిగితే నాటకమన్నారు.

"మిషనుకి నీ మీద పగేటి? నువ్వే ఎక్కువ ఆలోచిత్తన్నావేమో," అన్నాడు భర్త సత్తిబాబు.

ఒకరోజు వంతెన దిగుతుండగా నొప్పికి ఆమె కళ్లు బైర్లు కమ్మాయి. బస్సును పక్కకు ఆపి, ప్రయాణికులను వేరే బస్సెక్కించి, ఆటోలో ఆసుపత్రికి వెళ్లింది.

"మీ రిపోర్టు బాగుందండి, ఇంటికెళ్లండి," అన్నాడు గుమస్తా.

"రిపోర్టుకి నొప్పి లేదు బాబూ, నాకుంది. చూసేదాకా కదల్ను."

సాయంత్రానికి జుబేదా అనే డాక్టరే బయటికొచ్చి ఆమె పొట్ట నొక్కి చూసింది. రెండు రోజుల తర్వాత కెమెరా గొట్టంతో పరీక్షించి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టింది.

"చిన్నపేగు చివర పుండ్లున్నాయమ్మా. క్రోన్స్ జబ్బు. అక్కడి వాపు ఒక్కోసారి ఆ మిషనుకి అందదు. పూర్తిగా పోదుగానీ, మందులతో అదుపులో ఉంటుంది."

సత్తిబాబు తల దించుకున్నాడు. లోవకుమారి ఏడవలేదు.

"మందులు బతికినన్నాళ్లూ ఏసుకుంటానండి. ఈ ఎనిమిది నెలలూ నేను అబద్ధమాడలేదని రెండు కాయితాల మీద రాసియ్యండి. డిపోలో ఒకటివ్వాలి. ఇంట్లో గోడకి ఒకటంటించాలి."