నల్లతెర ముందు

"ఇంత చేసీ ఏమీ కాకపోతేనో, డాక్టరమ్మా? ఉన్న ఆశ కూడా పోతేనో?"

కుర్చీ అంచున కూర్చున్న తల్లి పక్కనే ఉన్న కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది మంచుగడ్డలా ఉంది.

"వీడి చెయ్యెలా చల్లబడిపోయిందో! పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇక్కడ కళ్ళు తిరిగి పడితే?"

"పడితే పట్టుకోడానికి నువ్వున్నావుగా," అన్నాడు కొడుకు.

"కంట్లో ఆ మందు ఎక్కించి చాలాకాలమైంది కదమ్మా," అంది డాక్టరమ్మ. "ఇంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు."

"లోపల ఏదో కదులుతుందన్నారుగా! కదిలింది అక్కడితో ఊరుకుంటుందా? మెదడు దాకా పాకితే?"

"పాకదు. కంట్లో వెలుగు పట్టే పాత కణాలు పాడైపోయాయి కాబట్టి, మిగిలిన కణాల్లో ఒక ప్రోటీను మొలిచేలా చేశాం. దారంతో కుట్టినట్టు అది కణం పైపొరలోంచి అటూ ఇటూ ఏడుసార్లు దూరి ఉంటుంది. మధ్యలో ఓ చిన్న ముక్క ముడుచుకుని పడుకుంటుంది. వెలుగు తగలగానే ఒళ్ళు విరుచుకుని నిటారవుతుంది. దాని తోపుకి ఒక పోగు పక్కకి జరుగుతుంది. అలా లోపలికి కబురు అందుతుంది. అంతే."

తల్లి ఊపిరి పీల్చుకుంది. అంతలోనే మళ్ళీ, "లేచింది తిరిగి పడుకోకపోతే?"

"దాన్ని ముందు లేవనీ అమ్మా!" అన్నాడు కొడుకు.

డాక్టరమ్మ ఫక్కున నవ్వేసింది. "ఇక మాటలు ఆపండి. దీపం ఎప్పుడు వేస్తానో చెప్పను. పక్కవాళ్ళు సాయం చేస్తే పరీక్ష పాడవుతుంది. మొదట్లో నలుపూ తెలుపూ తేడా తెలిసినా చాలు. తెలిస్తేనే నోరు విప్పాలి."

కొడుకుని నల్లతెర ముందుకు వెళ్ళి నిలబడమంది. తల్లి పట్టు వదల్లేదు. అతను ఒక్కో వేలూ విడిపించుకోవాల్సి వచ్చింది.

చప్పుడు లేకుండా దీపం వెలిగింది. ఎవరూ పలకలేదు. డాక్టరమ్మ వెలుగు పెంచింది. కొడుకు పెదవి కొరుక్కున్నాడు. ఇంకాస్త పెంచింది. చివరికి కొడుకు ఆశ వదిలేసుకున్నట్టు తల వంచేశాడు.

కుర్చీలోంచి నవ్వు వినిపించింది.

"ఒరేయ్ చిన్నోడా, నీ తల ఎప్పుడు తెల్లబడిందిరా?"