రెండో పేజీలోని మాట

రెండు వేల ఇరవై నాలుగు, నవంబరు పదిహేడు, ఆదివారం ఉదయం.

జహనుమాలో కొమురమ్మ ఇంటి వాకిట్లో ఉన్నవారు ముగ్గురు: కొమురమ్మ, ఆమె కొడుకు రామ్‌చందర్, సాక్షి సంతకానికి వచ్చిన పక్కింటి ఆగయ్య.

కొనే మనిషి అక్షయ్ ఇంకా రాలేదు. అతనికన్నా ముందు, ఎవరూ పిలవని ఒక పెద్దాయన వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

అమ్ముతున్నది వీధివైపు రెండు గదులు మాత్రమే. వెనుకనున్న బర్రెల కొట్టం, బోరు, తల్లీకొడుకులు పడుకునే రేకుల గది వాళ్ళకే ఉంటాయని అక్షయ్ నోటిమాటగా చెప్పాడు. ఆ కొట్టం మీదే ఆ ఇల్లు గడుస్తోంది.

అతడు ముందురోజు పంపిన ఒప్పందం నకలు ఇంగ్లీషులో ఉంది. రామ్‌చందర్‌కు అక్షరాలు తెలుసు, అర్థం తెలియదు.

"రెండో పేజీ చూడు బిడ్డా" అన్నాడు పెద్దాయన. "మెస్వేజ్ అని ఒక మాట ఉంటది."

రామ్‌చందర్ కాగితం తిప్పాడు. ఉంది.

"మెసేజా? వాట్సాప్‌ల వచ్చేదేనా?"

ఆగయ్య నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

అది ఇంటికి పాతకాలపు ఇంగ్లీషు మాట అనీ, ఇప్పుడు దస్తావేజుల్లో తప్ప ఎక్కడా బతికి లేదనీ చెప్పాడు. దాని మూలం లాటిన్‌లో ఉందట. ఉండిపోవడం అని అర్థమట. మనిషి ఒకచోట ఉండిపోవడానికి కావలసినవన్నీ అందులో ఇమిడిపోతాయట: ఇల్లు, కొట్టం, వాకిలి, చుట్టూ ఉన్న నేల.

"ఇల్లు కూలినా ఆ మాట కూలదు. నేలను పట్టుకొని ఉంటది. రెండు గదులని రాయించుకోండి. లేకుంటే బర్రెలను తోలుకొని మీరే బయటికి నడుస్తరు."

కొట్టంలో గొలుసు కదిలింది. ఆ ఉదయం పెద్దబర్రె పాలు చేపలేదు. కొమురమ్మ మనసు అప్పటినుంచే కీడు శంకిస్తోంది.

"మా కాగితంల ఏమున్నదో నీకెట్ల ఎరుక?" అడిగాడు రామ్‌చందర్.

పెద్దాయన తల దించుకున్నాడు.

రామ్‌చందర్‌కు అదే చాలింది. ఇదే ఇంటికి వచ్చి బేరం కుదరక వెళ్ళిపోయిన కిషన్‌బాగ్ బ్రోకరు ఇతణ్ణి పంపి ఉంటాడని తేల్చేశాడు. ఆగయ్యా ఔనన్నాడు.

కొమురమ్మ మాత్రం చెంబుతో నీళ్ళిచ్చింది.

"గిది చెప్తే నీకేమొస్తది బాపు?"

"వచ్చేదేం లేదమ్మా. ఉన్నదొక్కటి పోతది."

"డైలాగులు మస్తుగ కొడుతున్నవ్ పెద్దమనిషీ" అన్నాడు రామ్‌చందర్. "ఇల్లు అయిపోయిందని మీ సేటుకు చెప్పు, పో."

గేటు మూసి గొళ్ళెం పెట్టాడు. పెద్దాయన అవతల కొంతసేపు నిలబడి, ఫలక్‌నుమా వైపు మెల్లగా నడిచి వెళ్ళాడు.

తరువాత అక్షయ్ వచ్చాడు. మిఠాయి డబ్బా తెచ్చాడు. వంగి కొమురమ్మ కాళ్ళకు మొక్కాడు.

"కొట్టం మాదే అని కాగితంల ఉన్నదా బిడ్డా?" అడిగిందామె.

"నా మీద నమ్మకం లేదా అమ్మా?"

అతని గొంతు ఎంతో మెత్తగా ఉంది. నలుగురిలో పరువు తీయొద్దని రామ్‌చందర్ తల్లిని కసిరాడు.

కొడుకు సంతకం చేశాడు. ఆగయ్య చేశాడు. సిరా పూసుకున్న బొటనవేలిని కాగితం మీద ఆనించడానికి కొమురమ్మకు చాలాసేపు పట్టింది.

ముద్ర ఆరేదాకా అక్షయ్ ఓపికగా ఆగాడు. కాగితాన్ని మడిచి లోపలి జేబులో పెట్టుకుంటూ, మామూలుగా అడిగాడు:

"మా బాపు గిటు వచ్చిండా అమ్మా? కాలేజీల ఇంగ్లీషు చెప్పెటోడు; రాత్రి గీ కాగితం చదివినకాడికెల్లి నాతోని మాట్లాడతలేడు, పొద్దుగాల ఎటో పోయిండు."